హ్యాంగ్ కాని ఆరో ఫోన్

ఆగస్టు నెలలో జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డు నిర్మానుష్యంగా ఉంటుంది. కొత్త పత్తి రావడానికి ఇంకా రెండు నెలలు పైనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటల వేళ ఆ ఖాళీ యార్డులో, రేకుల షెడ్డు అంచున, డ్రోన్ సర్వీస్ ఇంజనీరు కరుణాకర్ సిమెంటు గద్దె మీద ఆరు ఆండ్రాయిడ్ ఫోన్లు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు.

ఆరింటిలోనూ ఒకటే యాప్. పేరు 'పైరుకన్ను'. పొలాలకు మందు కొట్టే డ్రోన్లను నడిపే యాప్ అది. రెండు నెలలుగా జిల్లా అంతటా ఒకటే ఫిర్యాదు: డ్రోన్ గాలిలో ఉండగా యాప్ హ్యాంగ్ అవుతోంది. స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఎంత నొక్కినా కదలదు.

కరుణాకర్ ఒక్కో ఫోన్‌ను వైరుతో రిమోట్‌కు తగిలించి డ్రోన్ ఎగరేశాడు. తక్కువ ధర ఫోన్లు ఐదూ నాలుగైదు నిమిషాల్లోనే ఆగిపోయాయి. ఆగిన ప్రతిసారీ డ్రోన్ ఉన్నచోటే కాసేపు నిలబడి, మెల్లగా దిగిపోయింది. ఆరోది ఖరీదైన ఫోన్. పది నిమిషాలైనా, పావుగంటైనా అది ఆగలేదు. కరుణాకర్ నుదురు చిట్లించి, ఆ సంగతి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఫోన్‌లో డేటా ఎంత ఖర్చయిందో చూశాడు. మరోసారి చూశాడు. వెంటనే తన ఫోన్ తీసి ప్రభుత్వ సైబర్ ఫిర్యాదుల విభాగానికి రెండు వాక్యాలు రాశాడు.

'ఈ యాప్ పాడైపోయి ఆగడం లేదు. అది మనకు తెలియకుండా ఎవరితోనో మాట్లాడుతోంది.'

సెండ్ నొక్కాడు. తల పైకెత్తాడు. యార్డు మీద ఎగురుతున్న పాతిక కిలోల డ్రోన్ ముక్కు కిందికి వంచి, సరిగ్గా షెడ్డు అంచు ఎత్తుకు దిగి, అతని వైపే వస్తోంది. ఆరో ఫోన్ స్క్రీన్ మాత్రం నున్నగా నడుస్తూనే ఉంది.

పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. కారణం: యాప్ హ్యాంగ్ కావడం.

*

"హ్యాంగ్ గాలే. ఆ పిల్లగాణ్ణి చంపిన్రు," అన్నాడు సంతోష్‌రావు.

కరీంనగర్ మంకమ్మతోటలో టైర్ల షాపు పైనున్న గది అది. బయట బోర్డు లేదు. ఆ గదిలో పనిచేసే నిఘా సంస్థ పేరు ఏ బోర్డు మీదా ఉండదు. సంతోష్‌రావు ఉత్తర తెలంగాణ యూనిట్ చీఫ్. ఎదురుగా కూర్చున్నది వినోద. ముప్పై ఎనిమిదేళ్లు. మెట్‌పల్లి దగ్గరి పల్లెటూళ్లో పుట్టింది. ఈ సర్వీసులో పన్నెండేళ్లుంది.

"ఎవరి పని సార్?"

"సముద్రం అవతలి ముఠా. పని ఎవరు చెప్పినా చేస్తరు. ఈ యాప్ ల కొంత కోడ్ వాళ్లు రాసిందే. కంపెనీకి గూడ తెల్వదు." అతను ఒక ఫోటో ముందుకు తోశాడు. తెల్ల జుట్టు, మందపాటి కళ్లద్దాలు. "శ్యాంసుందర్‌రావు. రిటైర్డ్ డిఫెన్స్ సైంటిస్టు. సరిహద్దుల శత్రు డ్రోన్లను పడగొట్టే సిస్టమ్ ఈయనదే. ఊరు ఖానాపూర్. సోమవారం పొద్దున పదకొండు గంటలకు అక్కడ మహిళా పైలట్ల డ్రోన్ షో ఉంది. నలభై డ్రోన్లు. చీఫ్ గెస్ట్ ఈయనే."

వినోదకు అర్థమైంది. "ఆయన మీద డ్రోన్ వడితే యాప్ హ్యాంగ్ అయిందంటరు. ఇప్పటికే అందరు అదే అంటున్నరు."

"అందుకే."

"ప్రోగ్రాం బంద్ జేయిస్తే?"

"చేయిస్తే ఇంకో తోవ వెతుక్కుంటరు. మనకు కనవడ్డ తోవ ఇదొక్కటే. సర్వీస్ టెక్నీషియన్ లెక్క పో. ఫోన్లు బాగుచేస్తున్నట్టే చేసి, ఆ కోడ్ ఎవరితోని మాట్లాడుతుందో పట్టుకో. ఆపరేషన్ పేరు జోరీగ." గొంతు తగ్గించాడు. "కంపెనీల మన మనిషి ఒకరున్నరు. కోడ్‌నేమ్ మైనా. మూడేండ్ల సంది నాకే రిపోర్టు జేస్తుంది. నా కంటే ఎక్కువ ఆమెను నమ్ము."

కంపెనీ నీలం టీషర్టు, మెడలో ఐడీ కార్డు, భుజాన టూల్ బ్యాగు. పేరు మాత్రం వినోద మార్చుకోలేదు. అబద్ధాలు ఎంత తక్కువుంటే గుర్తుపెట్టుకోవడం అంత సులువని ఆమె నమ్మకం. బ్యాగులో ఒక పవర్ బ్యాంక్ ఉంది. చూడ్డానికి పవర్ బ్యాంకే. అసలు పని వేరు. ఫోన్‌కు ఇంటర్నెట్ తానే ఇస్తూ, ఆ ఫోన్ ఎక్కడెక్కడికి సమాచారం పంపుతోందో రాసిపెట్టుకుంటుంది.

*

శుక్రవారం సాయంత్రం మానేరు డ్యామ్ కట్ట మీద నడిచేవాళ్లు బాగానే ఉన్నారు. తెల్ల కుర్తా, పెద్ద నల్లకళ్లద్దాలు, చెవులకు పొడుగాటి వెండి జుంకాలు. ఆ మనిషి నడిచి వస్తుంటే అటూ ఇటూ తలలు తిరుగుతున్నాయి. వినోద రెయిలింగ్‌కు ఆనుకుని, ఆమె దగ్గరికి రాగానే అంది.

"మీ దిక్కు పత్తి తడిసిందా?"

"లేదండి. తేమ ఎనిమిది శాతమే."

కోడ్ సరిపోయింది. మైనా అసలు పేరు రుచిత. కంపెనీ రీజినల్ హెడ్. కరీంనగర్ భూస్వాముల కుటుంబం. హైదరాబాద్‌లో పెరిగింది. మాట టీవీ యాంకర్ల మాటలా శుభ్రంగా ఉంటుంది.

"కరుణాకర్ నా టీమ్‌లో పిల్లాడు," అంది రుచిత నీళ్ల వైపు చూస్తూ. కళ్లద్దాల కింద నుంచి వేలితో కళ్లు తుడుచుకుంది. చిన్న మెమొరీ కార్డు వినోద చేతిలో పెట్టింది. "యాప్ కొత్త వెర్షన్. దొంగ కోడ్ ఉన్న భాగాన్ని తీయించాను. ముందు ఒక్క ఫోన్‌లో వేసి చూడండి. హ్యాంగ్ పోతే సోమవారం షోకు కంపెనీ ఇచ్చే నలభై ట్యాబ్లలోనూ ఇదే వేద్దాం."

వినోద ఆ సంగతి చీఫ్‌కు ఫోన్ చేసి చెప్పింది. ల్యాబ్‌కు పంపితే రిపోర్టుకు పది రోజులు పడుతుందంది.

"పది రోజులు మన దగ్గర ఎక్కడున్నయి? మైనా ఇచ్చింది గదా. వెయ్యి," అన్నాడతను.

*

జమ్మికుంటకు ఆరు కిలోమీటర్ల అవతల ఒక ఊరు. రమ ఆ ఊళ్లో మహిళా సంఘం డ్రోన్ పైలట్. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. సోమవారం ఖానాపూర్‌లో డ్రోన్ ఎగరేయబోయే నలభై మందిలో ఆమె ఒకరు, ఇరవై మూడో నంబరు. భర్త కొండల్ రెండేళ్లు దుబాయిలో పనిచేసి తిరిగొచ్చి, ఇప్పుడు ఆమె డ్రోన్‌కు నీళ్లు, మందు కలిపి పోస్తాడు.

"నేను ఎగరేస్తె, ఈయన నా హెల్పర్," అంది రమ నవ్వుతూ.

"జీతం లేని హెల్పర్," అన్నాడు కొండల్.

శనివారమంతా వినోద ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంది. ఫోన్‌లో అక్కర్లేనివన్నీ మూసింది. పేరుకున్న క్యాషె చెత్త తుడిచింది. బ్యాటరీ సేవర్ తీసేసింది. యాప్ తీసి మళ్లీ వేసింది. ప్రతిసారీ డ్రోన్ ఎగరడం, నాలుగో నిమిషంలో స్క్రీన్ బిగుసుకుపోవడం. పవర్ బ్యాంక్ పెట్టెకు కూడా ఏమీ దొరకలేదు. సమాచారం బయటికి పోవడం మొదలయ్యేలోపే ఫోన్ ఆగిపోయేది.

రమ అత్త లస్మవ్వ చాయ తెచ్చి పెట్టింది. "పొద్దటి సంది గదే పనిల ఉన్నవు. జర తిను బిడ్డా. గా ఫోన్ ఏడికీ పోదు."

నాలుగు గంటలకు వినోద మెమొరీ కార్డు తీసింది. కొత్త వెర్షన్ వేసింది. డ్రోన్ లేచింది. ఐదు నిమిషాలు. పది. పదిహేను. స్క్రీన్ మీద మ్యాపు నీళ్లలా జారిపోతోంది.

"అబ్బ! పరేషాన్ వోయింది మేడం," అని రమ రెండు చేతులూ పట్టుకుంది.

ఆ సంబరంలో వినోద పెట్టె వైపు చూడలేదు. ఆ రాత్రి రిపోర్టులో ఒక్క మాటే రాసింది. సమస్య తీరింది.

మర్నాడు ఆదివారం సాయంత్రం ఐదింటికి రమ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. అటువైపు మాటలు లేవు. లస్మవ్వ ఏడుపు వినిపిస్తోంది.

*

కరీంనగర్ ఆసుపత్రి వరండాలో రమ గోడకు ఆనుకుని కూర్చుంది. చీర కొంగు నిండా పురుగుల మందు వాసన. లోపల ఉన్న కొండల్‌కు డ్రోన్ తగిలి భుజం విరిగింది. డ్రోన్ ట్యాంకు పగిలి మందు రెండు కళ్లలో పడింది. ఎడమ కన్ను దక్కుతుందన్నారు. కుడి కన్ను గురించి డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు.

వినోదను చూడగానే రమ లేచి నిలబడింది.

"మంచిగ జేసిన అన్నవు గదా?"

వినోద తల ఊపింది.

"పాత యాప్ ఉంటె ఆగిపోతుండె. గంతే. ఎవలకు దెబ్బ తాకలే. నువ్వొచ్చి బాగుజేసినంకనే మా ఆయన కన్ను వోయింది." రమ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది వినోదకు. "ఏం జేసినవ్ దాంట్ల?"

పన్నెండేళ్ల సర్వీసులో వినోద చాలా ప్రశ్నలకు అబద్ధం చెప్పింది. ఈసారి చెప్పలేదు. రమ చేతిలోని ఫోన్ అడిగి తీసుకుంది.

తెల్లవారి ఎనిమిదిన్నర గంటలకు ఆసుపత్రి పార్కింగ్‌లో, జీపు బానెట్ మీద రమ ఫోన్ పెట్టి, పవర్ బ్యాంక్ పెట్టెకు కలిపి యాప్ తెరిచింది. స్క్రీన్ హాయిగా నడుస్తోంది. ఇటు పెట్టెలో మాత్రం అంకెలు ఆగకుండా పరుగెత్తుతున్నాయి. ఫోన్ ఏదో విదేశీ సర్వర్‌కు కెమెరా దృశ్యాలు పంపుతోంది. అక్కణ్నుంచి ఆజ్ఞలు తెచ్చుకుంటోంది. అప్పుడు ఆమెకు మొత్తం తెలిసింది. పాత వెర్షన్‌లో ఆ దొంగ కోడ్ బరువు మోయలేక చిన్న ఫోన్లు ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేవి. అలా ఆగడమే ఇన్నాళ్లూ జనాన్ని కాపాడింది. కరుణాకర్ ఖరీదైన ఫోన్ ఆ బరువు మోయగలిగింది, అందుకే అతను చనిపోయాడు. కొత్త వెర్షన్ దొంగ కోడ్‌ను తీసెయ్యలేదు. ఏ ఫోనైనా మోసేంత తేలిక చేసింది. షోకు ముందు వాళ్లు దాన్ని కొండల్ మీద పరీక్షించి చూసుకున్నారు.

తన చేత్తోనే వేసింది. ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ల చాయ తాగి, తానే వేసింది.

వెంటనే సంతోష్‌రావుకు ఫోన్ కలిపింది. అతను అప్పటికే ఖానాపూర్‌లో ఉన్నాడు.

"సార్, మైనా మనది కాదు."

"వినోదా, నువ్వు నిద్ర లేక మాట్లాడుతున్నవు."

"నలభై ట్యాబ్లల్ల అదే వెర్షన్ వేసిన్రు సార్. షో ఆపుండ్రి."

"ఇక్కడ కలెక్టర్ ఉన్నడు. జనం వస్తున్నరు. మూడేండ్లు నాకు ఒక్క అబద్ధం చెప్పని మనిషి ఆమె. చేతిల సాక్ష్యం పట్టుకొని రా, ఆపుతా."

కాల్ కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. డ్రోన్లకు సిగ్నల్ అడ్డం వస్తుందని మైదానంలో అందరి ఫోన్లూ ఆపించింది రుచిత. ఖానాపూర్ పోలీసులకు చేస్తే సిబ్బంది అంతా షో బందోబస్తులో ఉన్నారన్నారు.

జీపు తాళం తిప్పుతుంటే రెండో వైపు తలుపు తెరుచుకుంది. రమ ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు? కొండల్ దగ్గర..."

"అత్తమ్మ ఉన్నది. గక్కడ నా తోటోళ్లు ఉన్నరు. నువ్వు ఫోన్ల మాట్లాడింది ఇన్న. నువ్వు కంపెనీ దానివి గాదు. ఎవలవన్న గానీ, నడువు."

*

జీపు జగిత్యాల దాటింది. కోరుట్ల దగ్గర లారీల వెనక ఇరుక్కుని జీపు పాకుతుంటే, వినోద అడిగింది.

"నిన్న ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు రమా."

"ఏం జెప్పాలె. స్టిక్కు ఎటు తిప్పినా ఇనలే. ఫోన్ల జూస్తె మంచిగ చేన్ల మీదనే ఉన్నట్టు సూపెడుతుంది. తలకాయ లేపి జూస్తె మా ఆయన మీదికి పోతుంది. మొత్తుకున్న. ఆయన ఉరికేలోపే తాకింది. పడ్డోని మీదనే మల్ల లేస్తుంది, మల్ల దిగుతుంది. కోపానికొచ్చి ఫోన్ ఇసిరి కొట్టిన. అప్పుడిన్నది. పక్కకు తీసి దించిన."

వినోద బ్రేకు మీద కాలు వేసింది. "ఎట్ల ఇన్నది? ఫోన్ లేకుంట?"

"రిమోట్ ఉన్నది గదా అక్కా. ఫోన్ బొమ్మ సూపెట్టనీకే. వైరు ఊడితె రిమోట్ ఒక్కటే నడిపిస్తది. ట్రైనింగుల గదే చెప్పిన్రు."

శనివారమంతా వినోద ఫోన్‌కే వైద్యం చేసింది. దాన్ని పీకేస్తే ఏమవుతుందని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే ఎవరినీ అడగలేదు. దొంగ ఆజ్ఞలు వచ్చే దారి ఒకటే: సర్వర్ నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి వైరు గుండా రిమోట్‌కు. మూరెడు వైరు.

వినోద గేరు మార్చి, ఎదురుగా బస్సు వస్తున్నా లారీని దాటేసింది.

*

పదకొండూ ఇరవైకి జీపు ఖానాపూర్ మైదానం చేరింది. అప్పటికే నలభై డ్రోన్లు గాలిలో ఉన్నాయి. గుయ్యిమనే మోత చెవులు చిల్లులు పొడుస్తోంది. ఒకే రంగు చీరల్లో నలభై మంది పైలట్లు ఒక వరసలో నిలబడి, తలలు వంచి ట్యాబ్లలోకి చూస్తున్నారు. షో ప్రకారం డ్రోన్లు పక్కనున్న మక్కచేను మీదికి పోవాలి. వాళ్ల స్క్రీన్లలో అవి మక్కచేను మీదే ఉన్నాయి. ఆకాశంలో మాత్రం మందగా మలుపు తిరిగి వేదిక వైపు వస్తున్నాయి.

ఈసారి స్క్రీన్ ఆగలేదు. అబద్ధం చెబుతోంది.

వేదిక మీద శ్యాంసుందర్‌రావు మైకు ముందు నిలబడి, అది షోలో భాగమే అనుకుని నవ్వుతూ పైకి చూస్తున్నాడు. వినోద బ్యారికేడ్ దూకింది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమె భుజాలు పట్టుకున్నారు. వాళ్ల చేతుల కింద నుంచి రమ దూరి వరస వైపు పరుగెత్తింది.

"వైరు గుంజుండ్రే! ఫోన్ వైర్లు గుంజుండ్రి! మీదికి సూడుండ్రి!"

మోతలో మొదటి నలుగురికే ఆ కేక అందింది. ఒకామె తలెత్తింది, గతుక్కుమంది, వైరు లాగింది. పక్కామెను మోచేత్తో పొడిచింది. రమ ఒక్కొక్కరి చేతిలో వైరు తానే పీకుతూ వరస వెంట పోయింది. ఆకాశంలో ఒక డ్రోన్ తడబడి నిలబడింది. తర్వాత మూడు. తర్వాత పది. వరస చివర దాకా కేక పాకింది. మంద విడిపోయి, దేని చోట అది ఆగి, పైలట్ల చేతుల్లోకి తిరిగొచ్చింది.

ఒక్కటి తప్ప.

ఇరవై మూడో నంబరు. రమ రాలేదని ఆ స్థానంలో వేరొకరు నిలబడ్డారు. తెల్ల కుర్తా, నల్లకళ్లద్దాలు. రుచిత ట్యాబ్‌ను రిమోట్‌తో సహా గుండెకు హత్తుకుని వెనక్కి నడుస్తోంది. డ్రోన్ వేదిక పందిరి అంచు దాటింది.

ఎలా విడిపించుకుందో వినోదకు తెలియదు. టీషర్టు చేయి చిరిగి కానిస్టేబుల్ గుప్పిట్లో ఉండిపోయింది. పరుగెత్తుకుంటూ వచ్చి రుచిత మీద పడింది. ఇద్దరూ బురదలో దొర్లారు. రుచిత గోళ్లు మెడలో దిగాయి. వినోదకు వైరు దొరకలేదు. చేతికి అందింది ట్యాబ్ మూల. దాన్నే పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఏదో పుటుక్కుమంది.

వేదిక మీద ముసలాయన తలకు మూడడుగుల పైన డ్రోన్ గక్కున ఆగింది. రెక్కల గాలికి ఆయన కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి. ఆయన కదల్లేదు.

రమ బురదలోంచి రిమోట్ అందుకుంది. రెండు బొటనవేళ్లు స్టిక్కుల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, డ్రోన్‌ను వచ్చిన దారినే వెనక్కి జరిపింది. పందిరి దాటించి, మక్కచేను గట్టు మీద దించింది. అప్పుడు కూలబడి ఏడ్చింది.

*

సంతోష్‌రావు వచ్చి రుచిత ఎదురుగా నిలబడ్డాడు. ఆమె చేతులకు బేడీలున్నాయి. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. వాటి వెనక ఇంత అలిసిన కళ్లు ఉంటాయని వినోద అనుకోలేదు.

"మూడేండ్లు," అన్నాడతను. "ఒక్కసారి గూడ అబద్ధం చెప్పలే నువ్వు."

"మీరు అడిగినవాటికి నిజమే చెప్పాను సర్. వాళ్లు అడిగినవాటికీ నిజమే చెప్పాను." "మధ్యలో కరుణాకర్ నాకే ముందు ఫోన్ చేశాడు, ఆ ఆరో ఫోన్ ఆగడం లేదని. ఆ మాట కూడా వాళ్లకు చెప్పాను. ఏం చేస్తారో అడగలేదు."

జీపు ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవర్ని చూసిందో తెలియలేదు.

రుచిత పట్టుబడిన నాలుగు నిమిషాల్లోనే విదేశీ సర్వర్ మూతపడింది. ముఠా పేర్లు ఏడు దొరికాయి. ఏడూ దొంగ పేర్లే. మర్నాటి జిల్లా పేపర్లో నాలుగో పేజీలో చిన్న వార్త వచ్చింది. యాప్ మొరాయించడంతో డ్రోన్ల ప్రదర్శన మధ్యలోనే ఆగిందనీ, సర్వీస్ టెక్నీషియన్ నిర్లక్ష్యమే కారణమనీ. ఆ వార్త రాయించింది సంతోష్‌రావే.

కొండల్ కుడి కన్ను తిరిగి రాలేదు. వినోద రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లింది. కొండల్ మాట్లాడాడు, లస్మవ్వ కూర్చోమంది. రమ మాత్రం బయటికి వెళ్లి, ఆమె పోయేదాకా లోపలికి రాలేదు. మూడోసారి వెళ్లే ధైర్యం వినోదకు లేకపోయింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మంకమ్మతోట గదిలో ఆమె ఫోన్ మోగింది. రమ.

"అక్కా, ఒక్కటి అడుగుత. మా ఆయన ఫోన్ రెండు దినాల సంది ఆగుకుంట ఆగుకుంట నడుస్తుంది. ఇది ఉత్త హ్యాంగేనా, మల్ల ఎవలన్న జొచ్చిన్రా?"

వినోద కుర్చీలోంచి లేచి నిలబడింది. "వాట్సాప్ ల ఫోటోలు ఎన్ని ఉన్నయో చూడు."

అటువైపు కొండల్‌ను అడగడం, కొండల్ ఏదో సణగడం వినిపించింది.

"గుడ్ మార్నింగ్ ఫోటోలే ఆరువేల నాలుగు వందలట."

"అయితే విదేశీ ముఠా గాదు," అంది వినోద. "మీ చుట్టాలే."